కింది నుంచి సముద్రం

జనవరి. ట్రొమ్సోలో సూర్యుడింకా సెలవులోనే ఉన్నాడు.
పట్టపగలు పదకొండింటికి వీధిదీపాలు.
మూడో అంతస్తులో మా గదికి మాత్రం హీటర్ అక్కర్లేదు,
బల్ల కింద ఆ నల్ల కార్డు రొప్పుతూ ఉంటుంది.

దాన్ని చేసింది ఆటల కోసం,
పేలుళ్లకీ, డ్రాగన్ రెక్కల మీద వెన్నెలకీ.
సిగ్రున్ మేనల్లుడు ఎస్పెన్ కొత్తది కొనుక్కుని
పాతది మాకు సగం ధరకి అంటగట్టాడు.
"దయ్యాల్ని చంపేటప్పుడు ఒక్కసారీ ఆగలేదు."
అదే గ్యారంటీ.

అంతకు ముందు మాకు సముద్రం రాత్రికొక్క బొమ్మ.
సాయంత్రం ఏ కోణమో చెప్పి ఇంటికెళ్లేవాళ్లం.
తెల్లారి
(తెల్లారడం గడియారంలోనే)
వచ్చి చూస్తే చేపల గుంపు వీపు.
పక్క నుంచి చూద్దామంటే మరో రాత్రి.
జవాబొచ్చేసరికి
ప్రశ్న ఎవరిదో మరిచిపోయేవాళ్లం.

ఇదెలా పనిచేస్తుందని అడిగాడు ఒడ్‌వార్,
నలభై ఏళ్లు కాడ్ వేటాడినవాడు,
మా సోనార్ లెక్కల మీద రవ్వంత నమ్మకం లేక
వాదించడానికే బస్సెక్కి వచ్చినవాడు.

మీ రేవులో కాడ్ నాలుకలు కోసే పిల్లలున్నారు కదా, అన్నాను,
ఒక్కొక్కడికో మేకు, ఓ కత్తి.
పక్కవాణ్ణి ఏమీ అడగరు.
తల గుచ్చు, నాలుక కొయ్, తల పారెయ్.
అలాంటి పిల్లలు ఇందులో మూడు వేలమంది.
తెర మీద ఒక్కో చుక్క కోసం ఒక్కొక్కడు
సన్నటి కిరణం పట్టుకుని నీళ్లలోకి దిగుతాడు,
అడుగడుగునా ఆగి
ఇక్కడెంత శబ్దం తిరిగొచ్చిందో తడిమి చూసి
కాస్త రంగు, కాస్త పొగ మూటగట్టుకుని పైకొస్తాడు.
సెకనుకి అరవైసార్లు.

"జీతం?"
"కరెంటు."

మౌస్ ఇచ్చాను.
అరచెయ్యంతా మూసి పట్టాడు, చుక్కాని పట్టినట్టు.
మొదట సముద్రం గిర్రున తిరిగి ఓ పక్కకి ఒరిగింది.
తర్వాత చెయ్యి నేర్చుకుంది.
వేలు ఎటంటే నీళ్లు అటు,
మధ్యలో రాత్రి లేదు.

ఏది కనపడాలో ఏది గాజైపోవాలో తేల్చే మీట ఒకటుంది.
ఏళ్లుగా దాన్ని ఒకచోటే ఉంచాం,
దానికి దిగువన్నదంతా రొద అని పేరుపెట్టి.
అడక్కుండానే కిందికి లాగాడు.
ముద్దలు ముద్దలుగా ఉన్న గుంపు చుట్టూ
బూడిదరంగులో పలచటి చేపలు,
ఇన్నాళ్లూ మా మర్యాదకి లోబడి దాక్కున్నవి.

"కింది నుంచి చూడొచ్చా?"
ఎవరూ అడగలేదు ఇంతవరకూ.
చూడొచ్చు అనేలోపే
సముద్రాన్ని గిన్నెలా బోర్లించాడు.

గుంపు నడినెత్తిన పాపిడి.
ఈ చివర్నుంచి ఆ చివరికి
దువ్వెనతో తీసినంత తిన్నగా, నల్లగా.

డేటాలో లోపం, అంది సిగ్రున్.
ఇంకోసారి అంది, ఈసారి కాస్త మెల్లగా.
నేను మా ఓడ పోయిన దారిని ఎర్రగీతగా తెచ్చి దాని మీద పరిచాను.
నూలుపోగు తేడా లేదు.

"ఇంజను చప్పుడుకి తప్పుకుంటాయి" అన్నాడు ఒడ్‌వార్.

పదకొండేళ్లు లెక్కపెట్టాం చేపల్ని,
మమ్మల్ని చూసి పారిపోగా మిగిలినవాటిని.
ఆ అంకెలకి రెండు దశాంశ స్థానాలు కూడా ఇచ్చాం.

గెలిచినట్టు నవ్వుతాడనుకున్నాను.
"నేనూ దాని మీదే నిలబడ్డాను,
కింద ఏమీ లేదని సముద్రాన్ని బూతులు తిడుతూ"
అని చెప్పి
చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

బస్సు వేళ దాటిపోయింది.
మౌస్ వదల్లేదు.
పాపిడి మొదలు దగ్గరికి వెళ్లి
నెమ్మదిగా, ఇంజను ఆపేసిన పడవలా,
దాని వెంబడే నడిపిస్తున్నాడు.
మూడు వేలమంది పిల్లలు నోరెత్తకుండా
మళ్లీ మళ్లీ దిగుతున్నారు,
కొందరు ఖాళీ చేతులతో పైకొస్తున్నారు,
ఆ ఖాళీనే అతను చూస్తున్నాడు.